ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక రైలెక్కాలా, ఇంకో విమానమెక్కాలా?

ప్రశ్న: వచ్చే వేసవిలో మేం నలుగురం యూరప్ వెళ్తున్నాం. నేను, మావారు, ఎనిమిదేళ్ల బాబు, మా అత్తగారు. జర్మనీలో కొలోన్‌లో మా మరిది ఉంటున్నాడు. పది రోజులు వాళ్లింట్లో ఉండి, తర్వాత ప్యారిస్‌లో నాలుగు రోజులు, స్విట్జర్లాండ్‌లో నాలుగు రోజులు చూసి, జ్యూరిక్ నుంచి వెనక్కి రావాలని ప్లాన్. అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. విదేశానికి వెళ్లడం ఆవిడకిదే మొదటిసారి. ఫ్రాంక్‌ఫర్ట్‌కి డైరెక్ట్ ఫ్లైట్‌లో వచ్చి, అక్కడి నుంచి గంటలో రైల్లో వచ్చేయమంటాడు మరిది. ట్రావెల్ ఏజెంట్ గల్ఫ్ మీదుగా డ్యూసెల్‌డార్ఫ్‌కి కనెక్టింగ్ ఫ్లైట్ తీసుకోమంటున్నాడు, పెట్టెలు మధ్యలో మోయక్కర్లేదట. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు: ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా డ్యూసెల్‌డార్ఫ్ దాకా టికెట్ తీసుకుంటే ఇంకా తక్కువకు వస్తుంది, మీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దిగిపోయి రైలెక్కేయండి అని. మొత్తం ఎనిమిది పెట్టెలయ్యేలా ఉన్నాయి. ప్యారిస్‌కి, జ్యూరిక్‌కి కూడా ఫ్లైటా, రైలా తేలడం లేదు. కుదిరితే ప్యారిస్ నుంచి ఒక్కరోజు లండన్ చూసి రావాలని మావారి కోరిక. అందరూ తలా ఒకటి చెప్తుంటే టెన్షన్ పెరిగిపోతోంది. ఏది నయం?

సమాధానం: ముందు మీ మరిది చెప్పిందే నా మాట కూడా: ఫ్రాంక్‌ఫర్ట్‌కి డైరెక్ట్ ఫ్లైట్, అక్కడి నుంచి రైలు. కొలోన్ నుంచి ప్యారిస్‌కి, ప్యారిస్ నుంచి జ్యూరిక్‌కి కూడా రైలే. తిరుగు ప్రయాణంలో మాత్రం కనెక్టింగ్ ఫ్లైట్ మంచిది. అయితే వీటిలో ప్రతిదానికీ ఒక షరతు ఉంది. ఆ షరతు పాటించడం కుదరకపోతే ఏజెంట్ చెప్పిన గల్ఫ్ దారే మీకు క్షేమం.

మీ ఇంట్లో జరుగుతున్న చర్చంతా ఎంతసేపు పడుతుంది, ఎంతవుతుంది అన్న రెండింటి చుట్టూనే తిరుగుతున్నట్టుంది. నేనైతే వాటికంటే ముందు ఒకటి అడుగుతాను. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యంగా దిగితే, తర్వాతి ప్రయాణం బాధ్యత ఎవరిది? రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌లో, ఒకే బుకింగ్ నంబరు కింద ఉంటే ఎయిర్‌లైన్‌ది. తర్వాతి దాంట్లో వాళ్లే ఎక్కిస్తారు, మీరు మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. విడివిడిగా కొన్న రెండు టికెట్లయితే బాధ్యత పూర్తిగా మీది. మొదటి విమానం ఎందుకు ఆలస్యమైందో రెండోవాళ్లకు సంబంధం లేదు. రైలైనా విమానమైనా ఈ లెక్క ఒకటే. నలుగురితో, అందులో నడవలేని పెద్దావిడతో వెళ్లేటప్పుడు మిగిలిన లెక్కలన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు ఏజెంట్ చెప్పిన ఆ రెండో మాట సంగతి. దయచేసి ఆ పని చేయకండి. డ్యూసెల్‌డార్ఫ్ దాకా టికెట్ తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోతే మొదట మీ పెట్టెలు మీతో దిగవు. ట్యాగు డ్యూసెల్‌డార్ఫ్‌కి వేసి ఉంటుంది కాబట్టి అవి అక్కడికే వెళ్తాయి. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. టికెట్‌లోని ప్రయాణాలను రాసిన వరుసలోనే వాడాలి. మధ్యలో ఒక విమానం ఎక్కకపోతే ఆ తర్వాతివన్నీ, తిరుగు టికెట్‌తో సహా, ఎయిర్‌లైన్ రద్దు చేయొచ్చు. రేపు జ్యూరిక్‌లో కౌంటర్ దగ్గర నిలబడ్డాక మీ టికెట్ చెల్లదంటే, నలుగురికీ అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనాలి. ఏజెంట్ మిగులుస్తానన్న డబ్బుకి ఎన్నో రెట్లు అక్కడ పోతుంది. ఒక విమానం ఎక్కకపోతే ఎవరు పట్టించుకుంటారులే అనుకోకండి. కంప్యూటర్ పట్టించుకుంటుంది.

ఇక గల్ఫ్ దారి. దాన్ని నేను తీసిపారేయను. పెట్టెలు ఇక్కడ ఇస్తే డ్యూసెల్‌డార్ఫ్‌లోనే చేతికొస్తాయి. వీల్‌చైర్ అడిగితే ఇక్కడి నుంచి చివరి ఎయిర్‌పోర్ట్ దాకా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అప్పగిస్తూ తీసుకెళ్తారు. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి కొలోన్ కారులో గంట దూరం. మరి ఇబ్బంది ఎక్కడంటే, ప్రయాణం రెండు ముక్కలవుతుంది, అదీ చాలాసార్లు అర్ధరాత్రి పూట. మంచి నిద్రలో ఉన్న బాబుని లేపాలి, అత్తగారిని లేపాలి, సెక్యూరిటీ చెక్ మళ్లీ దాటాలి, గేటు ఎక్కడుందో వెతుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ నిద్ర చెడితే ఆ నొప్పి రెండింతలు అనిపిస్తుంది. డైరెక్ట్ ఫ్లైట్‌లో నడవ పక్క సీటు తీసుకుంటే ఆవిడ తనకు కావాల్సినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయొచ్చు.

చట్టం వైపు నుంచి కూడా ఒక తేడా ఉంది. యూరప్‌లో విమాన ప్రయాణికుల హక్కులకు 261/2004 అనే నిబంధన ఉంది. మూడు గంటలో అంతకంటే ఎక్కువో ఆలస్యంగా గమ్యం చేరితే, దూరాన్ని బట్టి మనిషికి 250 నుంచి 600 యూరోల దాకా పరిహారం అడగొచ్చు. తుఫాను లాంటి, ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. బయటి నుంచి యూరప్ వెళ్లే విమానానికి ఈ హక్కు ఉండాలంటే ఆ ఎయిర్‌లైన్ యూరప్‌ది అయి ఉండాలి. గల్ఫ్ కంపెనీ విమానంలో వెళ్తే ఈ నిబంధన కింద ఏమీ రాదు. యూరప్ నుంచి బయల్దేరేటప్పుడు మాత్రం ఏ దేశం ఎయిర్‌లైన్ అయినా వర్తిస్తుంది. ఒక్క దీని కోసమే ఎయిర్‌లైన్ ఎంచుకోమని అనను. రెండూ సమానంగా తూగితే అప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోండి.

సరే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగారనుకుందాం. అక్కడి నుంచి కొలోన్‌కి మీరు విమానం కోసం వెతకక్కర్లేదు. 2002లో ఈ రెండు ఊళ్ల మధ్య గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు మార్గం తెరిచారు. ఎయిర్‌పోర్ట్ నుంచి కొలోన్‌కి ఐసీఈ అనే జర్మనీ హైస్పీడ్ రైల్లో సుమారు గంట. ఆ తర్వాత జర్మనీ ఎయిర్‌లైన్ లుఫ్తాన్సా ఈ రెండు ఊళ్ల మధ్య విమానాలే మానేసి, తన టికెట్ మీదే రైల్లో పంపడం మొదలుపెట్టింది. నేను మొదట చెప్పిన షరతు కూడా ఇక్కడే ఉంది. టికెట్ బుక్ చేసేటప్పుడు గమ్యం ఫ్రాంక్‌ఫర్ట్ అని కాకుండా కొలోన్ అని పెట్టి చూడమనండి. లుఫ్తాన్సా ఎక్స్‌ప్రెస్ రైల్ అనే పేరుతో విమానం, రైలు కలిపి ఒకే టికెట్ వస్తుంది. విమానం ఆలస్యమై రైలు తప్పితే తర్వాతి రైల్లో వాళ్లే చోటు ఇస్తారు.

ఆ టికెట్ వచ్చాక కంగారు పడకండి. కొలోన్ పక్కన విమానాశ్రయం కోడ్ లాగా క్యూ.కె.ఎల్. అని కనిపిస్తుంది. అది ఎయిర్‌పోర్ట్ కాదు, కొలోన్ ప్రధాన రైల్వే స్టేషన్‌కి ఇచ్చిన కోడ్. సి.జి.ఎన్. అని ఉంటే అది కొలోన్-బాన్ విమానాశ్రయం. ఈ తేడా తెలియక మరిదిగారు ఒకచోట, మీరు ఒకచోట ఎదురుచూసే పరిస్థితి రాకూడదు. ఇంకో సంగతి. ఇలా కలిపిన టికెట్‌లో రైలు భాగం కూడా విమానంతో సమానమే. కాబట్టి మరిది కారు తెచ్చాడు కదా అని చెప్పాపెట్టకుండా రైలు మానేయకండి. పైన చెప్పిన రద్దు ప్రమాదం దీనికీ వర్తించొచ్చు. కారులోనే వెళ్లేటట్టయితే ముందే ఫ్రాంక్‌ఫర్ట్ వరకే టికెట్ తీసుకోండి.

కలిపిన టికెట్ దొరక్కపోతే, లేదా మరీ ఎక్కువైతే, రెండో దారి ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా విమానం టికెట్ మాత్రమే తీసుకుని రైలు టికెట్ ముందుగా కొనకుండా ఉండటం. జర్మనీ ఐసీఈ రైళ్లలో రిజర్వేషన్ తప్పనిసరి కాదు. పెట్టెలు చేతికొచ్చి బయటికి వచ్చాక, అప్పుడు ఫోన్‌లో టికెట్ కొన్నా చాలు. ఎయిర్‌పోర్ట్ నుంచి కొలోన్ వైపు రైళ్లు తరచుగానే ఉంటాయి. అక్కడ చవగ్గా దొరికే టికెట్‌ని స్పార్‌ప్రైస్ అంటారు. అది మీరు ఎంచుకున్న ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. ఆ రైలే ఇరవై నిమిషాలు, అంతకు మించి ఆలస్యమైతే వేరే రైలెక్కనిస్తారు. మీ విమానం ఆలస్యమైతే మాత్రం ఎక్కనివ్వరు. ఫ్లెక్స్‌ప్రైస్ అనే టికెట్‌తో ఆ రోజు ఏ రైలైనా ఎక్కొచ్చు, ఖరీదు ఎక్కువ. దిగిన రోజున ఆ ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదని నా గట్టి అభిప్రాయం. బాబుకి టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు కానీ, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని టికెట్ కొనేటప్పుడే అందులో చేర్పించాలి. మర్చిపోకండి.

స్పార్‌ప్రైస్ చూసి మనసు లాగితే మాత్రం, విమానం దిగే టైముకీ రైలుకీ మధ్య మూడు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. మూడు గంటలు ఎందుకంటారా? విమానం ఆగాక తలుపులు తీయడానికే కొంతసేపు పడుతుంది. వీల్‌చైర్ అడిగినవాళ్లు అందరూ దిగాకే దిగుతారు. తర్వాత ఇమిగ్రేషన్. యూరప్‌లో 2025 అక్టోబర్ 12 నుంచి కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్ల ముఖం ఫొటో తీసుకుంటారు, వేలిముద్రలు కూడా తీసుకుంటారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలుండవు, ఫొటో మాత్రమే. మనిషి మనిషికీ ఇది జరగాలి కాబట్టి క్యూ నెమ్మదిగా కదులుతుంది. వయసు పైబడ్డవాళ్ల వేలిముద్రలు ఒక్కోసారి మొదటిసారికే పడవు. ఆపై ఎనిమిది పెట్టెలు బెల్టు మీదికి రావాలి, కస్టమ్స్ దాటాలి, స్టేషన్‌కి నడవాలి. ఇంకో పక్క, జర్మనీ రైళ్లు గడియారంలా నడుస్తాయన్న పేరు పాతది. 2024లో అక్కడి దూరప్రాంత రైళ్లలో 62.5 శాతమే సమయానికి వచ్చాయి, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికి వచ్చినట్టే లెక్కేస్తే. అంటే రైలు కూడా మీ కోసం ఆగదు, తనూ టైముకి రాకపోవచ్చు. ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ చేతిలో ఉంటే ఇవేవీ మీకు పట్టవు.

స్టేషన్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అలసిపోయి దిగినప్పుడు తప్పు జరిగేది ఇక్కడే. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లో స్టేషన్లు రెండున్నాయి. ఒకటి టెర్మినల్ 1 కిందే ఉంటుంది, ప్లాట్‌ఫారాలు 1 నుంచి 3. అది లోకల్ రైళ్లది. మీకు కావాల్సింది ఫెర్న్‌బాన్‌హోఫ్, అంటే దూరప్రాంత రైళ్ల స్టేషన్, ప్లాట్‌ఫారాలు 4 నుంచి 7. టెర్మినల్ 1 నుంచి కప్పు ఉన్న వంతెన మీదుగా నడిచి వెళ్లొచ్చు, లిఫ్టులున్నాయి. వేరే టెర్మినల్‌లో దిగితే ముందు టెర్మినల్ 1కి రావాలి. రైలు అక్కడ కొద్ది నిమిషాలే ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద ఎ, బి, సి అని అక్షరాలు రాసి ఉంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు మీద కనిపిస్తుంది. ఒక్కోసారి బోగీల వరుస తిరగబడి వస్తుంది, అది బోర్డు మీద, మైకులో చెప్తారు. కాబట్టి రైలు వచ్చే ముందు ఇంకోసారి బోర్డు చూడండి.

ఎక్కడానికి ఒక పద్ధతి ముందే అనుకోండి. ముందు మీవారు ఎక్కాలి, చేతిలో ఏమీ లేకుండా. ఆయన పైనుంచి చెయ్యందిస్తే, కింద నుంచి మీరు పట్టుకుంటే అత్తగారు రెండు మూడు మెట్లు ఎక్కగలరు. తర్వాత బాబు. ఆ తర్వాత పెట్టెలు ఒక్కొక్కటే పైకి. చివరగా మీరు. పెట్టెలు ముందు ఎక్కించి మనుషులు కింద మిగిలితే ఆ కంగారు మాటల్లో చెప్పలేం. సీట్లు మాత్రం, ఏ రైలెక్కేదీ తేలగానే, రిజర్వ్ చేయించండి. రెండో తరగతి టికెట్‌తో సీటు రాదు, దానికి వేరే కట్టాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని సీటు కోసం బోగీ అంతా నడిపించకూడదు.

అన్నట్టు, కొలోన్‌లో కూడా స్టేషన్లు రెండు. ప్రధాన స్టేషన్ పెద్ద చర్చి పక్కనే ఉంటుంది. రైన్ నదికి అవతలి ఒడ్డున కొలోన్ మెస్సె-డాయిట్స్ అని ఇంకోటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చే ఐసీఈల్లో కొన్ని ఆ డాయిట్స్‌లోనే ఆగి డ్యూసెల్‌డార్ఫ్ వైపు వెళ్లిపోతాయి. ఎక్కే ముందే చూసుకుని మరిదితో చెప్పండి.

ఇంతకీ ఆ ఎనిమిది పెట్టెలు. నా సలహాలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే, మీకు నచ్చకపోవచ్చు కూడా. విమానం నలుగురికి ఎనిమిది పెట్టెలు ఒప్పుకుందనే అనుకుందాం. రైలు కూడా బరువు తూచదు. కానీ మోసేది మీరిద్దరు. మరిది ఫ్రాంక్‌ఫర్ట్‌కి వస్తే ముగ్గురు. రైల్లో పెట్టెలకు బోగీ చివర, మధ్యలో అరలుంటాయి. అవి నిండిపోతే దారికి అడ్డంగా పెట్టనివ్వరు. నాలుగు పెట్టెలకు దించగలరా? ఎవరికి ఇవ్వాల్సినవి కొలోన్‌లో వాళ్లకిచ్చేశాక ఖాళీ పెట్టెల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి, ప్యారిస్‌కి రెండు పెట్టెలు, తలా ఒక బ్యాగుతో బయల్దేరొచ్చు. అది కుదరదు, ఎనిమిదీ రావాల్సిందే అంటే మాత్రం మరిదిని పెద్ద కారు తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్ రమ్మనండి, లేదంటే డ్యూసెల్‌డార్ఫ్ దారి పట్టండి. ఎనిమిది పెట్టెలతో రైలు వద్దు.

వీల్‌చైర్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఎయిర్‌లైన్‌కి ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు చెప్పాలి, దానికి డబ్బు తీసుకోరు. అయితే ఎయిర్‌పోర్ట్ సాయం వేరు, రైలు సాయం వేరు. ఒకదానికి చెప్తే రెండోదానికి చెప్పినట్టు కాదు. యూరప్ రైలు నిబంధనల ప్రకారం 24 గంటల ముందు అడిగితే ఎక్కడానికి, దిగడానికి సాయం చేయాలి. జర్మనీ రైల్వే సంస్థ డాయ్‌చ బాన్‌ వాళ్లకి దీనికోసమే వేరే విభాగం ఉంది. మరిది ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుంది. అత్తగారు బొత్తిగా మెట్లెక్కలేరు, లిఫ్టుతో రైలెక్కించాల్సిందే అంటే మాత్రం, విమానం ఆలస్యమైతే ఆ సాయం టైము కూడా తప్పుతుంది. అప్పుడు నేను నా మాట వెనక్కి తీసుకుని గల్ఫ్ దారికే ఓటేస్తాను. ఆవిడ మెల్లగానైనా మెట్లెక్కగలరా లేదా, ఇంట్లో మెట్ల దగ్గర గమనించి మీరే నిర్ణయించండి.

కొలోన్ నుంచి ప్యారిస్‌కి మారుమాట లేదు, రైలే. యూరోస్టార్ నేరుగా మూడు గంటల ఇరవై నిమిషాల్లో ప్యారిస్ గార్ దు నోర్ స్టేషన్‌లో దింపుతుంది. ఒకప్పుడు థాలిస్ అన్న పేరుతో నడిచిన రైళ్లే ఇవి, 2023 నుంచి యూరోస్టార్ పేరు పెట్టారు. అదే విమానమైతే ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి ఒక గంట, అక్కడ రెండు గంటలు ముందుండాలి, గాల్లో ఒక గంట, దిగాక ఊళ్లోకి ఇంకో గంట. నా లెక్కలో రైలు ప్రయాణం నాలుగు గంటల లోపైతే విమానం మాట ఎత్తక్కర్లేదు. ఆరు గంటలు దాటితే, ఉదాహరణకి మీరు కొలోన్ నుంచి రోమ్ వెళ్తానంటే, విమానమే ఎక్కమనేవాణ్ని. ఫ్రాన్స్ ఈ లెక్కను చట్టంలోకే తెచ్చింది. రైల్లో రెండున్నర గంటల్లో వెళ్లగలిగే కొన్ని దేశీయ విమానాలను 2023లో ఆపేసింది, ప్యారిస్ ఓర్లీ నుంచి లియోన్, బోర్డో, నాంత్ వెళ్లేవి. కనెక్టింగ్ ప్రయాణికుల కోసం నడిచేవాటిని వదిలేసింది.

యూరోస్టార్‌లో సీటు టికెట్‌తోనే వస్తుంది. ఆలస్యంగా కొన్నకొద్దీ ధర పెరుగుతుంది. అలాగని వీసా రాకముందే, డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకండి. మనిషికి రెండు పెట్టెలు, 85 సెంటీమీటర్ల లోపువి, ఒక చేతి బ్యాగు తీసుకెళ్లొచ్చు. దారిలో బ్రస్సెల్స్‌లో ఆగినప్పుడు ఒకరు పెట్టెల అర దగ్గర నిలబడండి, దిగేవాళ్లు పొరపాటునో కావాలనో మీ పెట్టె తీసుకుపోకుండా. పాస్‌పోర్టులు చేతి బ్యాగులోనే ఉండాలి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్ని షెంగెన్ దేశాలంటారు, వాటి మధ్య ఇమిగ్రేషన్ ఉండదన్న మాట నిజమే కానీ, మధ్యలో పోలీసులు ఎక్కి అడగొచ్చు. జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి అన్ని సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది.

ప్యారిస్ నుంచి జ్యూరిక్‌కి టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) లిరియా రైలు సుమారు నాలుగు గంటలు. అది బయల్దేరేది గార్ ద లియోన్ నుంచి. మీరు వచ్చి దిగిన గార్ దు నోర్ నుంచి కాదు. ప్యారిస్‌లో పెద్ద స్టేషన్లు అరడజను పైనే ఉన్నాయి. హోటల్ తీసుకునేటప్పుడు ఏ స్టేషన్‌కి దగ్గరో చూసుకుంటే పెట్టెలతో మెట్రో మెట్లు దిగే పని తప్పుతుంది. నేనైతే గార్ ద లియోన్‌కి దగ్గర్లో చూసుకోమంటాను, బయల్దేరే రోజే తొందర ఎక్కువ కాబట్టి. టీజీవీలో ప్రతి పెట్టె మీదా పేరు రాసిన ట్యాగు ఉండాలి, లేకపోతే జరిమానా వేయొచ్చు. ఫ్రాన్స్‌లో రైల్వే సమ్మె ఉంటే ఏ రైళ్లు నడుస్తాయో ముందురోజే ప్రకటిస్తారు, ఆ సాయంత్రం ఒకసారి చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి వస్తే, వెళ్లేది ఫ్రాంక్‌ఫర్ట్‌కి, వచ్చేది జ్యూరిక్ నుంచి అని మల్టీ-సిటీ టికెట్ బుక్ చేయించండి. రెండు వన్-వే టికెట్లకంటే ఇది చాలాసార్లు తక్కువకే వస్తుంది. జ్యూరిక్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఒకే టికెట్ అయితే ఇక్కడ కనెక్టింగ్ ఫ్లైటే సరైనది, రైలు కాదు. పెట్టెలు జ్యూరిక్‌లో ఇచ్చేస్తే మళ్లీ ఇంటికొచ్చాకే చూస్తారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మధ్య సమయం 45 నిమిషాలున్నా ఎయిర్‌లైన్ టికెట్ అమ్మేస్తుంది. మీరు రెండు గంటలకు తగ్గనివ్వకండి. షెంగెన్ నుంచి బయటికి వెళ్లే పాస్‌పోర్ట్ చెక్ అక్కడే జరుగుతుంది. గేట్ల మధ్య నడక కూడా ఎక్కువే.

ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. ఇంటికి బయల్దేరే రోజున ప్యారిస్ నుంచి గానీ, ఇంకో దేశం నుంచి గానీ రైల్లో వచ్చి విమానం ఎక్కే ప్లాన్ పెట్టుకోవద్దు. ముందురోజు రాత్రికే జ్యూరిక్‌లో ఉండాలి. ఊళ్లోని పెద్ద స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి రైల్లో పది పన్నెండు నిమిషాలే, స్టేషన్ ఎయిర్‌పోర్ట్ కిందే ఉంటుంది.

ఇక లండన్. ఒక్కరోజుకి లండన్ వద్దనే నా సలహా. ప్యారిస్ నుంచి యూరోస్టార్‌లో రెండు గంటల ఇరవై నిమిషాలే, నిజమే. కానీ బ్రిటన్ షెంగెన్‌లో లేదు. నలుగురికీ వేరే వీసా, వేరే ఫీజు కట్టాలి. రైలెక్కే ముందే స్టేషన్‌లో ఫ్రాన్స్ వాళ్లు, బ్రిటన్ వాళ్లు ఇద్దరూ పాస్‌పోర్టులు చూస్తారు, సెక్యూరిటీ కూడా ఉంటుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పాస్‌పోర్ట్ చెక్, సెక్యూరిటీ. అత్తగారు ఆ రోజులో ఎక్కువ భాగం క్యూల్లోనే గడపాల్సి వస్తుంది. మీవారు ఒక్కరే వెళ్లొస్తానంటే అది వేరే సంగతి. అప్పుడు ఆయన షెంగెన్ వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి వీలున్నదై ఉండాలి. సింగిల్ ఎంట్రీ వీసాతో లండన్ వెళ్తే ప్యారిస్‌కి తిరిగి రానివ్వరు. మీరు ఎక్కువ రోజులుండేది జర్మనీలో కాబట్టి దరఖాస్తు జర్మనీకే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు. మల్టిపుల్ ఎంట్రీ కావాలని ఫారంలోనే రాయించండి. ఒకచోట ఇచ్చిన పాస్‌పోర్ట్ తిరిగొచ్చేదాకా మామూలుగా ఇంకో వీసాకి ఇవ్వడం కుదరదు. కాబట్టి మీవారికి లండన్ ఖాయమైతే ఆ పని ఇప్పుడే మొదలుపెట్టమనండి.